ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, సరైన డాక్స్ ఇస్తే సరుకు అమ్మినవాళ్లకి డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) కింద వచ్చిన షిప్పింగ్ డాక్యుమెంట్స్ ఎలా చెక్ చేయాలి?

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది కవర్ విప్పగానే బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్, సరుకు రవాణాకి షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) తీసి తప్పులు వెతకడం మొదలుపెడతారు. అలా వద్దండి, ముందు ఎల్‌సీ మొత్తం చదవండి, అమెండ్‌మెంట్లు ఉంటే అవి కూడా, ఆ తర్వాతే డాక్స్ ముట్టుకోండి. ఏది తప్పో చెప్పేది ఎల్‌సీ, దాని వెనక ఐసీసీ (ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్) వాళ్ల యూసీపీ 600 అనే ఎల్‌సీ రూల్స్ (2007 జూలై 1 నుంచి అమల్లో ఉంది), ఆ రూల్స్‌ని డాక్స్ మీద ఎలా చూడాలో వివరించే ఐఎస్‌బీపీ. ఇంతే. ఏ క్లాజ్ ప్రకారం తప్పో చూపించలేకపోతే దాన్ని డిస్క్రెపెన్సీ (ఎల్‌సీకి సరిపోని తప్పు) అని రాయకూడదు, ఎందుకంటే అవతల సరుకు పంపేసి డబ్బు కోసం ఎదురుచూసే మనిషి ఉంటాడు.

మొదటి పని, డాక్స్ వచ్చిన తేదీ స్టాంప్ వేసి ఒరిజినల్స్ ఎన్ని, కాపీలు ఎన్ని లెక్కపెట్టుకోవడం. చెక్ చేయడానికి బ్యాంకుకి ఉండేది 5 బ్యాంకింగ్ డేస్, డాక్స్ ప్రజెంట్ చేసిన (బ్యాంకుకి ఇచ్చిన) రోజు లెక్కలోకి రాదు, మర్నాటి నుంచి కౌంట్. ఎల్‌సీలో "3 కాపీలు" అని ఉంటే ఒక ఒరిజినల్, మిగతావి కాపీలు ఇచ్చినా సరిపోతుంది.

తర్వాత ఎల్‌సీ నుంచి ముఖ్యమైనవి ఒక కాగితం మీద రాసుకోండి. స్విఫ్ట్ (బ్యాంకుల మెసేజ్ సిస్టమ్)లో వచ్చే ఎల్‌సీలో ఫీల్డ్ నంబర్లు ఇవి: 31డీలో ఎక్స్‌పైరీ, 44సీలో లేటెస్ట్ షిప్‌మెంట్ డేట్, 32బీలో అమౌంట్, 44ఈ, 44ఎఫ్‌లో పోర్టులు, 45ఏలో సరుకు వివరం, 46ఏలో కావాల్సిన డాక్స్. 47ఏని మాత్రం నిదానంగా రెండుసార్లు చదవండి, ప్రతి డాక్యుమెంట్ మీద ఎల్‌సీ నంబర్ ఉండాలి లాంటి కండిషన్లు అక్కడే ఉంటాయి. ఏ డాక్యుమెంటూ అడగకుండా ఊరికే ఒక కండిషన్ పెడితే మాత్రం దాన్ని పట్టించుకోనక్కర్లేదు, అలాగే అడగని డాక్యుమెంట్ ఏదైనా కలిపి పంపితే దాన్ని కూడా చెక్ చేయరు.

ఇన్వాయిస్ తొందరగానే అయిపోతుంది. బెనిఫిషియరీ (డబ్బు అందుకునే అమ్మకందారు) ఇచ్చి ఉండాలి, అప్లికెంట్ (ఎల్‌సీ తెరిపించిన కొనుగోలుదారు) పేరు మీద ఉండాలి, ఎల్‌సీ కరెన్సీలోనే ఉండాలి, సరుకు వివరం 45ఏతో సరిపోవాలి. ఎల్‌సీ అడిగితే తప్ప సంతకం అక్కర్లేదు. మిగతా డాక్స్‌లో సరుకు పేరు జనరల్‌గా రాసినా పర్లేదు, ఎల్‌సీకి విరుద్ధంగా లేకపోతే చాలు.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది బీఎల్ మీద. క్యారియర్ (సరుకు మోసే కంపెనీ) పేరు ఉందా, సంతకం క్యారియర్‌దా మాస్టర్ (ఓడ కెప్టెన్)దా వాళ్ల ఏజెంట్‌దా, ఏజెంట్ అయితే ఎవరి తరఫున అని రాశాడా, ఒరిజినల్స్ ఎన్ని ఇష్యూ చేశారో ఆ ఫుల్ సెట్ మొత్తం వచ్చిందా, షిప్పర్ (సరుకు పంపినవాడు) ఆర్డర్ మీద ఉంటే వెనక ఎండార్స్‌మెంట్ (హక్కు బదిలీ చేసే సంతకం) ఉందా, ఇవన్నీ చూడాలి. ఇక తేదీలు. బీఎల్ ఇష్యూ అయింది ఆగస్టు 9న, దాని మీద ఆన్‌బోర్డ్ నొటేషన్ (సరుకు ఓడెక్కిన తేదీ చెప్పే రాత) ఆగస్టు 12 అని ఉంది, ఎల్‌సీలో లేటెస్ట్ షిప్‌మెంట్ ఆగస్టు 10 అనుకోండి. పైన 9 కనిపించింది కదా అని వదిలేస్తే అయిపోయినట్టే, ఎందుకంటే నొటేషన్ ఉన్నప్పుడు షిప్‌మెంట్ డేట్ అదే, అంటే ఇది లేట్ షిప్‌మెంట్. ప్రజెంటేషన్ గడువు కూడా 12 నుంచే లెక్క, ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే 21 క్యాలెండర్ రోజులు, అంటే సెప్టెంబర్ 2 వరకు, ఈలోపే ఎల్‌సీ ఎక్స్‌పైరీ వస్తే అదే ఆఖరు.

"క్లీన్" అనే మాట బీఎల్ మీద ఉండక్కర్లేదు. సరుకు లేదా ప్యాకింగ్ దెబ్బతింది అని స్పష్టంగా రాసి ఉంటేనే అది క్లీన్ కాదు. "షిప్పర్స్ లోడ్ అండ్ కౌంట్" (సరుకు నింపి లెక్కపెట్టింది షిప్పరే) అని ఉన్నా తప్పు కాదు, దీన్ని ఇంకా డిస్క్రెపెన్సీగా రాసేవాళ్లు ఉన్నారు, దయచేసి మానేయండి.

ఇన్సూరెన్స్ అడిగితే, కవర్ ఎంత అని ఎల్‌సీ చెప్పనప్పుడు సీఐఎఫ్ లేదా సీఐపీ విలువలో (సరుకు ధర, రవాణా, ఇన్సూరెన్స్ కలిపినది) కనీసం 110 శాతం ఉండాలి, కరెన్సీ ఎల్‌సీదే ఉండాలి. డేట్ షిప్‌మెంట్ తర్వాతిది కాకూడదు, ఒకవేళ అయితే కవర్ షిప్‌మెంట్ నాటికే మొదలైందని డాక్యుమెంట్‌లోనే కనిపించాలి. కవర్ నోట్ (పాలసీకి ముందు ఇచ్చే తాత్కాలిక కాగితం) ఒప్పుకోరు.

ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెట్టి ఒకదానితో ఒకటి చూడండి. అక్షరం అక్షరం ఒకేలా ఉండక్కర్లేదు, ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకూడదు, అంతే. "మెషిన్" స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పు పడితే అర్థం మారదు కాబట్టి వదిలేయొచ్చు, కానీ మోడల్ 321 బదులు 123 అని ఉంటే అది వేరే వస్తువు, డిస్క్రెపెన్సీనే. ప్యాకింగ్ లిస్ట్‌లో గ్రాస్ వెయిట్ 12,500 కేజీలు, బీఎల్‌లో 12,050 ఉంటే అంకె తారుమారైంది, టైపింగ్ తప్పేలే అని మీ అంతట మీరు సర్దుకోకండి, ఏది నిజమో కాగితం చెప్పట్లేదు కదా. బెనిఫిషియరీ, అప్లికెంట్ అడ్రస్‌లు తేడాగా ఉన్నా దేశం అదే అయితే ఓకే, కానీ బీఎల్‌లో అప్లికెంట్ కన్సైనీ (సరుకు అందుకునేవాడు)గానో నోటిఫై పార్టీ (సరుకు చేరినప్పుడు కబురు చేయాల్సినవాడు)గానో ఉంటే అడ్రస్ ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలి.

తప్పు నిజంగా దొరికి రిఫ్యూజ్ చేయాలనుకుంటే నోటీస్ ఒక్కటే పంపాలి. రిఫ్యూజ్ చేస్తున్నాం అని, డిస్క్రెపెన్సీలన్నీ ఒక్కొక్కటిగా, డాక్స్‌ని మన దగ్గర ఉంచుతున్నామా వెనక్కి పంపుతున్నామా అన్నది, అన్నీ అందులోనే ఉండాలి. మర్చిపోయింది ఇంకోటి తర్వాత చేరుస్తామంటే కుదరదు. అప్లికెంట్‌ని వేవర్ (తప్పులున్నా ఒప్పుకుంటామనే అంగీకారం) అడగొచ్చు, కానీ అతని జవాబు కోసం ఆగినంత మాత్రాన గడువు పెరగదు, 5వ బ్యాంకింగ్ డే ముగిసేలోగా నోటీస్ పోకపోతే డాక్స్‌లో ఎన్ని తప్పులున్నా అవి కంప్లయింగ్ (ఎల్‌సీకి సరిపోయినవి) కాదు అనే హక్కు ఇష్యూయింగ్ బ్యాంకుకి (ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకుకి) ఉండదు.