తక్కువ ధరలో ఫ్యాట్ బైక్ ఎలా ఎంచుకోవాలి?

ఫ్యాట్ బైక్ అంటే నాలుగంగుళాల వెడల్పు టైర్లున్న సైకిల్. అలాస్కా మంచుదారుల్లో సైకిల్ పోటీలకు వెళ్లేవారు ఒకప్పుడు రెండు రిమ్ములను కలిపి వెల్డింగ్ చేయించి వెడల్పు చక్రాలు తయారు చేసుకునేవారు. 2005లో అమెరికా కంపెనీ సర్లీ ‘పగ్స్‌లీ’ అనే మోడల్‌ను తెచ్చాక ఇలాంటి సైకిల్ దుకాణాల్లో దొరకసాగింది. ఆ తర్వాత కొన్నేళ్లకే మాంగూస్ కంపెనీ ఫ్యాట్ బైకులు అమెరికా సూపర్‌మార్కెట్ వాల్‌మార్ట్‌లో సుమారు 200 డాలర్లకు అమ్ముడయ్యాయి. ఇప్పుడు మన ఊళ్లలోనూ పిల్లలు అడుగుతున్నది నాలుగంగుళాల టైరే.

మొదట అవసరం తేల్చుకోండి. ఇసుక, బురద, మట్టిబాటలు ఉంటే సరే. రోజూ తారురోడ్డు మీద ఆఫీసుకో కాలేజీకో వెళ్లడానికైతే వద్దనే అంటాను. చౌక రకాలు చాలావరకు ఇనుప ఫ్రేముతో 18-20 కిలోలుంటాయి, ఫ్లైఓవర్ ఎక్కేసరికి సరదా తీరిపోతుంది.

షాపుకు వెళ్లాక రంగు, స్టిక్కర్లు వదిలేసి వెనక చక్రం దగ్గర కూర్చోండి. కంపెనీ డబ్బు మిగుల్చుకునేది అక్కడే. చౌక సైకిళ్లలో గేర్ల పళ్లచక్రాలు, పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్‌తో సహా, చక్రం మధ్యలోని హబ్బుకు మర బిగించి ఉంటాయి. దాంతో కుడివైపు బేరింగు బాగా లోపలికి పోయి, ఇరుసు కొస ఆసరా లేకుండా మిగులుతుంది.  బరువైన మనిషి గుంతలో దింపితే వంగేది అదే. బేరింగు చివరిదాకా ఉండే క్యాసెట్ హబ్బు దొరికితే రెండు వేలు ఎక్కువైనా తీసుకోండి. ముందు షాక్ అబ్జార్బర్ కోసం మాత్రం అదనంగా ఒక్క రూపాయి పెట్టకండి. ఈ ధరలో అది బరువు పెంచడం తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు.

తర్వాత చక్రాన్ని లేపి తిప్పండి. అటూ ఇటూ ఊగితే బెండు తీయించాకే డబ్బు కట్టండి. పెడళ్లు బిగించే చేతులను, అంటే క్రాంకులను పట్టుకుని పక్కకు కదిపి చూడండి, లొడలొడలాడకూడదు.

ఆన్‌లైన్‌లో కొంటే సైకిల్ సగం విప్పిన పెట్టెలో వస్తుంది. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పితేనే బిగుస్తుంది. బలవంతంగా ఎక్కిస్తే క్రాంకు మరలు పోతాయి. హబ్బుల్లో గ్రీజు ఉందో లేదో తెలిసిన మెకానిక్‌తో ఒకసారి విప్పించి చూపించుకోండి. మూడు నాలుగు వందల ఖర్చే.

గాలి విషయంలో పంక్చర్ షాపు అలవాటును నమ్మకండి. తారురోడ్డు మీద 15-20 పీఎస్‌ఐ, మెత్తటి ఇసుకలో 6-8 చాలు. టైరు పక్కన ముద్రించిన హద్దు దాటనివ్వకండి. సైకిల్‌తో పాటే 26x4 అంగుళాల ట్యూబులు రెండు కొనిపెట్టుకోండి. ఆ సైజు సందు చివరి షాపులో దొరకడం అరుదు.