డయల్ పోయి టేప్ వచ్చింది: ఎయిర్‌స్పీడ్ చూసేటప్పుడు జాగ్రత్తలు

విమానం వేగం (ఎయిర్‌స్పీడ్) చూపే గుండ్రటి డయళ్ల మీద ఎగరడం నేర్చుకుని, వానాకాలం ముందు డిజిటల్ కాక్‌పిట్‌కి మారుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

డయల్‌లో అంకె చదివే పనే ఉండదు. ముల్లు ఏ వైపు ఉందో ఓరకంట కనిపిస్తే చాలు. తెర ఎడమ పక్క వేగం అంకెలుండే నిలువు పట్టీ, అంటే టేప్‌తో ఆ సుఖం లేదు. ఇక్కడ సూచిక కదలదు, అంకెలే కదులుతాయి. పెద్ద అంకెలు పైన ఉంటాయి కనుక వేగం తగ్గుతుంటే టేప్ పైకి జరుగుతుంది. మొదటిరోజు ల్యాండింగ్‌కి వస్తూ, టేప్ పైకి పోతోంది కదా, వేగం పెరుగుతోందనుకుని థ్రాటిల్ వెనక్కి లాగబోయాను. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి అడ్డం పెట్టారు. అందుకే జరిగే టేప్‌ని చూడకండి, సూచిక దగ్గరి గడిలో ఇప్పటి వేగం చూపే అంకెనే చదవండి.

గార్మిన్ జీ1000 అనే డిజిటల్ కాక్‌పిట్‌లో టేప్ పక్కనే సన్నటి మెజెంటా గీత ఉంటుంది. ఇలాగే సాగితే 6 సెకన్ల తర్వాత వేగం ఎంత ఉంటుందో చెబుతుంది. గడిలో 65 ఉండి, గీత 55 దాకా కిందికి వేలాడుతోందంటే మీ చేతిలో 65 లేనట్టే. ఈదురుగాలిలో మాత్రం అది పిచ్చిగా పైకీ కిందికీ గెంతుతుంది. దాని వెంట పడకండి, ముక్కు కోణం పట్టుకుని ఉండండి.

టేప్ మీది రంగులనీ గుడ్డిగా నమ్మొద్దు. చిన్న విమానం సెస్నా 172ఎస్‌లో మామూలు వేగాలను చూపే ఆకుపచ్చ 48 నాట్ల నుంచి 129 దాకా ఉంటుంది. అది పక్కకి వాలకుండా తిన్నగా ఎగిరేటప్పటి లెక్క. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగితే స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 1.4 రెట్లయి దాదాపు 68కి చేరుతుంది. ఆకుపచ్చ మధ్యలోనే విమానం జారిపోవచ్చు. టేప్ కింద కనిపించే టీఏఎస్ (గాలిలో అసలు వేగం) అంకె, జీపీఎస్ చూపే నేల వేగం వేరే లెక్కలు. ల్యాండింగ్‌కి దిగివచ్చే అప్రోచ్‌లో వాటిని చూసి వేగం సర్దుకోకండి.

తెర ఎంత కొత్తదైనా, వేగం లెక్కకి ఎదురుగాలి ఒత్తిడి అందేది ఆ పాత పిటాట్ గొట్టం నుంచే. 1996లో బిర్గెన్‌ఎయిర్ బోయింగ్ 757 కూలి 189 మంది పోయారు. పిటాట్ గొట్టం మూసుకుపోవడంతో వేగం తప్పుగా చూపింది. మట్టిగూడు కట్టే కందిరీగ పనేనని అనుమానించారు. కాబట్టి పార్కింగ్‌లో తొడుగు వేయండి, ఎగిరే ముందు మరిచిపోకుండా తీయండి. గొట్టంలోకి ఊదకండి, లోపలి పరికరాలు పాడవుతాయి. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని అందుకునే స్టాటిక్ రంధ్రాల మీద నీళ్లున్నాయేమో చూడండి. కంటికి కనిపించే తేమలో, చలిలో గొట్టాన్ని వేడిచేసే పిటాట్ హీట్ ఆన్ చేయండి.

టేకాఫ్ పరుగులో అంకె లేవకపోతే ఆపేయండి. టేప్ మీద ఎర్రటి అడ్డగీతలు పడితే పాడైందని తెలుస్తుంది, నయం. గొట్టమూ దాని నీటి రంధ్రమూ రెండూ మూసుకుపోతే ప్రమాదం ఎక్కువ. పైకెక్కే కొద్దీ అంకె తనంతట తనే పెరుగుతుంది. అప్పుడు పక్కనున్న స్టాండ్‌బై (అదనపు) వేగం మీటర్ చూసి ఊరట పడకండి. చిన్న విమానాల్లో చాలావాటిలో టేప్‌కీ ఆ మీటర్‌కీ గాలి ఒకే గొట్టం నుంచి వస్తుంది, ఒకే అబద్ధం చెబుతాయి. మీ విమానానికి ఏ ఆర్పీఎంకి, ఏ ముక్కు కోణానికి ఎంత వేగం వస్తుందో మంచి రోజున చూసి, మోకాలి పలక మీద రాసి ఉంచుకోండి.