ఎంపిక హైస్కూళ్ల ప్రవేశాలు: న్యాయం గురించి తల్లిదండ్రులు వాదించవలసిన తీరు

అమెరికాలో పరీక్ష పెట్టో, మార్కులు చూసో విద్యార్థులను ఎంచుకునే ప్రభుత్వ హైస్కూళ్లున్న నగరాల్లో ఆ ఎంపిక పద్ధతి మీద తరచుగా తగవు వస్తూనే ఉంటుంది. పద్ధతి మారబోతోందని తెలిసిన రోజు నుంచి తల్లిదండ్రులు రెండు పక్షాలుగా చీలిపోయి, ఒకరు ప్రతిభ పేరుతోనూ మరొకరు సమాన అవకాశం పేరుతోనూ మాట్లాడతారు. రెండూ కాదనలేని మాటలే కనుక ఎవరూ తగ్గరు. ఏ నిబంధనను ఎలా మార్చాలన్నది మాత్రం ఎవరి మాటల్లోనూ ప్రభుత్వ బడులపై నిర్ణయాలు తీసుకునే స్కూలు బోర్డు సభ్యులకు దొరకదు. పిల్లలను ఈ పోటీకి తయారుచేసిన తల్లిగా నాకు అర్థమైనది ఒకటుంది. మన మధ్య అసలు భేదం ప్రతిభ కావాలా వద్దా అన్నది కాదు, ఒక బిడ్డను ఏ పిల్లలతో పోల్చి చూడాలన్నది. వాదనను ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

అందుకు మొదట మీ స్కూలు జిల్లా (మీ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ప్రవేశ నిబంధనలను పూర్తిగా చదివి, పోలిక ఎవరెవరి మధ్య జరుగుతోందో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. న్యూయార్క్‌లో స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ సహా 8 పాఠశాలలకు ఒకే పరీక్ష ఉంది. అక్కడ నగరమంతటి పిల్లలనూ ఒకే వరుసలో నిలబెట్టి పైనుంచి కిందికి సీట్లు ఇస్తారు. షికాగోలో 30 శాతం సీట్లకు నగరమంతటినీ పోల్చి, మిగిలిన 70 శాతాన్ని నాలుగు అంచెలకు సమానంగా పంచుతారు. కుటుంబ ఆదాయం, పెద్దల చదువు, సొంత ఇళ్లు, ఇంట్లో మాట్లాడే భాష వంటి లెక్కలను బట్టి ప్రతి ప్రాంతాన్నీ ఏదో ఒక అంచెలో చేరుస్తారు కనుక, ఆ సీట్లకు బిడ్డ తనలాంటి ప్రాంతాల పిల్లలతో పోటీ పడుతుంది. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ హైస్కూలుకు 2020 చివరలో ప్రవేశ పరీక్షనూ 100 డాలర్ల దరఖాస్తు రుసుమునూ తీసేసి, ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూలుకూ దాని ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతం మేరకు సీట్లు కేటాయించారు. అంటే ఆ సీట్లకు బిడ్డను తన బడిలో తనతో చదివినవారితోనే పోల్చారు. సాన్ ఫ్రాన్సిస్కోలోని లోవెల్ హైస్కూలు, కోవిడ్ వల్ల మార్కులూ పరీక్షలూ అందుబాటులో లేవన్న కారణంతో, 2020లో లాటరీకి మారింది. లాటరీలో పోలికే లేదు.

ఈ నాలుగింటినీ కాగితం మీద పక్కపక్కన రాసుకుని, ఒకే బిడ్డను నాలుగు చోట్లా ఊహించి చూడండి. పేద ప్రాంతపు బడిలో అందరికంటే ముందున్నా, ఎన్నడూ కోచింగ్‌కు వెళ్లని అమ్మాయి అనుకుందాం. ఫెయిర్‌ఫాక్స్ పద్ధతిలో ఆమెకు చోటు దొరికే అవకాశం ఎక్కువ, న్యూయార్క్ పద్ధతిలో తక్కువ. బలమైన పోటీ ఉన్న బడిలో పదిహేనో స్థానంలో నిలిచిన అబ్బాయికి ఇది తలకిందులవుతుంది. తర్వాత ఆ అబ్బాయి మీ బిడ్డే అనుకోండి, ఆపైన ఆ అమ్మాయి మీ బిడ్డ అనుకోండి. రెండుసార్లూ ఒకే పద్ధతి మీకు న్యాయంగా కనిపిస్తే ఆ అభిప్రాయాన్ని ధైర్యంగా బోర్డు ముందు పెట్టవచ్చు. కనిపించకపోతే మీరు అడుగుతున్నది మీ ఇంటి మేలే. అది తప్పు కాదు, కానీ దాన్ని న్యాయమని పిలవకూడదు.

చాలామంది వదిలేసే విషయం ఒకటుంది, దాని మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎంపిక మొదలయ్యేది హైస్కూలు తలుపు దగ్గర కాదు, దానికి రెండుమూడేళ్ల ముందే మొదలవుతుంది. థామస్ జెఫర్సన్‌కు దరఖాస్తు చేయాలంటే ఎనిమిదో తరగతికల్లా కనీసం ఆల్జీబ్రా 1 (బీజగణితంలో తొలి కోర్సు) చదువుతూ ఉండాలి. ఆ తరగతిలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది అంతకుముందే, సాధారణంగా ఆరో తరగతి లెక్కల స్థాయిని బట్టి, తేలిపోతుంది. ఆ సంగతి కొన్ని ఇళ్లకు ముందే తెలుస్తుంది, కొన్ని ఇళ్లకు ఎప్పటికీ తెలియదు. అందుకని ప్రవేశ పద్ధతి మీద మాట్లాడే ముందు జిల్లాను మూడు లెక్కలు అడగండి: ప్రతి మిడిల్ స్కూలులో అర్హత కోర్సు చదువుతున్న పిల్లలెందరు, వారిలో దరఖాస్తు చేసినవారెందరు, సీటు వచ్చినవారెందరు. ఈ మూడూ పక్కపక్కన ఉంటేనే పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో తెలుస్తుంది.

ఒకే అంకెతో వాదిస్తే జరిగే నష్టానికి న్యూయార్క్ మంచి ఉదాహరణ. 2019లో స్టైవెసంట్ ఇచ్చిన 895 సీట్లలో నల్లజాతి విద్యార్థులకు దక్కినవి 7. ఆ అంకె మనసును కలచివేస్తుంది, కలచివేయాలి కూడా. అయితే లోపం పరీక్షలో ఉందా, పరీక్షకు ముందు ఎనిమిదేళ్ల చదువులో ఉందా, పరీక్ష గురించి చెప్పేవారే లేకపోవడంలో ఉందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. అదే పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న ఆసియా పిల్లల్లో తక్కువ ఆదాయపు వలస కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. వారిని సంపన్నుల పిల్లలుగా లెక్కగట్టి మాట్లాడటం వారి కష్టాన్ని చెరిపేయడమే. ఫెయిర్‌ఫాక్స్‌లో కొత్త పద్ధతి వచ్చిన తొలి ఏడాది సీట్లలో ఆసియా విద్యార్థుల వాటా సుమారు 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది, అదే సమయంలో మొత్తం సీట్లు 550కి పెరిగాయి. ఈ రెండు సంగతుల్లో ఒకటి చెప్పి మరొకటి దాస్తే అవతలివారు మీ తర్వాతి మాటను నమ్మరు. అంకె వాడిన ప్రతిసారీ ఏ సంవత్సరానిదో, దరఖాస్తుల సంఖ్యో సీట్ల సంఖ్యో చెప్పండి.

తర్వాత, మార్చగల అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి. న్యూయార్క్‌లో పైన చెప్పిన మూడు పాత పాఠశాలలకు పరీక్ష ఉండాలన్నది 1971 నాటి రాష్ట్ర చట్టం. అప్పటి మేయర్ డి బ్లాజియో 2018లో ఆ పరీక్షను తొలగించాలని ప్రతిపాదించినా, రాష్ట్ర శాసనసభ ఒప్పుకోనందున అది ముందుకు సాగలేదు. అక్కడి తల్లిదండ్రులు నగర విద్యాశాఖ సమావేశంలో ఎంత గొంతెత్తినా ఆ మూడింటి విషయంలో ఫలితం తక్కువ. ఫెయిర్‌ఫాక్స్‌లోనైతే స్కూలు బోర్డు ఓటే చాలింది.

కోర్టు మీద పెట్టుకునే ఆశను కూడా కొలుచుకోవాలి. ఫెయిర్‌ఫాక్స్ పద్ధతిని కింది కోర్టు 2022లో కొట్టేసింది, అప్పీలు కోర్టు 2023లో నిలబెట్టింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. బోస్టన్‌లో పరీక్షా పాఠశాలల సీట్లలో ఎక్కువ భాగాన్ని జిప్ కోడ్‌ల (మన పిన్ కోడ్ లాంటివి) వారీగా పంచిన పద్ధతి మీద వచ్చిన కేసునూ 2024 డిసెంబరులో అలాగే విచారణకు తీసుకోలేదు. నా దృష్టిలో దీని అర్థం, ఇలాంటి పద్ధతుల బాగోగులు తేలవలసిన చోటు ముఖ్యంగా బోర్డు సమావేశమే.

ఆ సమావేశానికి ముందు ఎజెండాను అక్షరం వదలకుండా చదవండి. లోవెల్ లాటరీని శాశ్వతం చేస్తూ 2021 ఫిబ్రవరిలో బోర్డు చేసిన తీర్మానాన్ని అదే సంవత్సరం నవంబరులో కోర్టు పక్కన పెట్టింది. కాలిఫోర్నియా బహిరంగ సమావేశాల చట్టం కోరినట్టు ప్రజలకు సరిగా తెలియజేయలేదన్నది కారణం. 2022 ఫిబ్రవరిలో ముగ్గురు బోర్డు సభ్యులను ఓటర్లు రీకాల్ చేశారు, అంటే గడువు ముగియకముందే ఓటు వేసి పదవి నుంచి దించేశారు; దానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆ జూన్‌లో బోర్డులో 4-3 ఓట్లతో, మార్కులూ పరీక్షా చూసే పాత పద్ధతి తిరిగి వచ్చింది. మీకు నచ్చిన మార్పయినా సరే, అది నోటీసులో స్పష్టంగా లేకపోతే మీరే అభ్యంతరం చెప్పండి. తొందరలో గెలిచినది తొందరగానే పోతుంది.

మాట్లాడేందుకు ఇచ్చే సమయం సాధారణంగా రెండు మూడు నిమిషాలే. మీ కథకు అందులో సగం మించి ఇవ్వకుండా, మిగతా సగంలో ఒక్క కోరికను బోర్డు ఓటు వేయగలిగే రూపంలో చెప్పండి. ‘న్యాయం చేయండి’ అన్నదాని మీద ఎవరూ ఓటు వేయలేరు. ‘ప్రతి మిడిల్ స్కూలులోనూ ఏడో తరగతి పిల్లలందరికీ ఈ పాఠశాల గురించి వారి ఇంటి భాషలో ఉత్తరం పంపాలి’, ‘వచ్చే ఏడాది నుంచి దరఖాస్తుల, సీట్ల సంఖ్యను బడులవారీగా ప్రకటించాలి’, ‘సీట్లు పెంచడానికి అయ్యే ఖర్చు లెక్క వేసి చూపాలి’ అంటే వేయగలరు. చివరిది నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే రెండు పక్షాలూ కలిసి సంతకం పెట్టగల కోరిక అది.

సంతకాలు సేకరించేటప్పుడూ, అవతలి పక్షంతో మాట్లాడేటప్పుడూ ఒక మాటను పూర్తిగా మానేయండి: ఫలానా పిల్లలు ఆ సీటుకు తగరు అన్న మాట. కొత్త పద్ధతిలో చేరిన బిడ్డకూ, పరీక్ష రాసి చేరిన బిడ్డకూ వయసు పద్నాలుగే. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చోబోతున్నారు, మనం అన్నది ఇద్దరి చెవినా పడుతుంది. నిబంధనను ఎంత గట్టిగానైనా విమర్శించవచ్చు, దాని వల్ల లోపలికి వచ్చినవారిని మాత్రం కాదు.

ఓటు ఎటు పడినా మరో పని మిగిలి ఉంటుంది. పద్ధతి మారిన తర్వాత చేరిన పిల్లలు మొదటి ఏడాది లెక్కల్లో, సైన్స్‌లో ఎలా ఉన్నారు, ఎందరు మధ్యలో తమ ప్రాంతపు మామూలు హైస్కూలుకు వెళ్లిపోయారు, వారికి అదనపు సాయం ఏమైనా అందిందా అన్న వివరాలను రెండేళ్ల తర్వాత బోర్డు బహిరంగంగా చెప్పాలని ఆ రాత్రే తీర్మానంలో చేర్చమని అడగండి. ఆ తేదీని మీ క్యాలెండర్‌లో రాసుకుని, అప్పటికి మీ బిడ్డ ఆ బడి వదిలి వెళ్లిపోయినా సరే, సమావేశానికి వెళ్లండి.