రెగ్యులేటర్ల తిరుగుబాటు ఎందుకొచ్చిందో పిల్లలకు ఎలా చెప్పాలి?

నార్త్ కరోలినాలో పిల్లల్ని చదివించుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. 1760లలో, ఇది ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, ఇక్కడి రైతులు రెగ్యులేటర్లమని పేరు పెట్టుకుని కౌంటీ అధికారుల మీద తిరగబడ్డారు. మా అమ్మాయికి ఈ పాఠం వచ్చినప్పుడు నోట్సులో "పన్నులు ఎక్కువ, అందుకే తిరగబడ్డారు" అని ఒక్క ముక్క ఉంది. అంతటితో వదిలేయకండి.

గుర్రం దగ్గర మొదలుపెట్టండి. 1768 ఏప్రిల్‌లో హిల్స్‌బరోలో పన్ను బాకీ కింద ఒక రైతు గుర్రాన్ని, జీనూ కళ్లెంతో సహా జప్తు చేశారు. రైతులు గుంపుగా వచ్చి దాన్ని విడిపించుకుపోయారు. పోతూ పోతూ కౌంటీ అధికారి ఎడ్మండ్ ఫానింగ్ ఇంటి మీద తుపాకులు పేల్చారు. ఇప్పుడు పిల్లల్ని అడగండి: ఆ రైతు పన్ను ఎందుకు కట్టలేదు? గుర్రం పట్టుకెళ్లింది షెరీఫ్ (కౌంటీలో పన్నులు వసూలు చేసే అధికారి) మనుషులైతే ఫానింగ్ మీద కోపమెందుకు?

మొదటిదానికి జవాబు, చేతిలో డబ్బు లేదు. గింజలున్నాయి, పశువులున్నాయి, నాణేలు లేవు. బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1764 చట్టంతో కొత్త కాగితపు డబ్బుకీ అడ్డుకట్ట పడింది. పన్నేమో తలకింత చొప్పున. భూమి ఎంతుందో చూడరు. పైగా 1768లో షెరీఫ్ అయిదు చోట్ల మాత్రమే వసూలు చేస్తానన్నాడు. అక్కడికొచ్చి కట్టకపోతే 2 షిల్లింగుల 8 పెన్నీలు అదనం.

రెండో ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చోండి. నా లెక్కలో అసలు మంట ఇక్కడే ఉంది. ఫానింగ్ ఆరెంజ్ కౌంటీలో భూమి పత్రాల రిజిస్ట్రారు, లాయరు, మిలీషియా (స్థానిక పౌరసైన్యం) కర్నలు, పైగా శాసనసభ్యుడు. రిజిస్ట్రేషన్‌కి చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ ఫీజు గుంజేవాడు. ఎవరికి చెప్పుకోవాలి? కౌంటీ జడ్జీలను గవర్నరే వేసేవాడు, షెరీఫ్‌గా ఎవరిని పెట్టాలో ఆ జడ్జీలే గవర్నరుకి పేర్లు పంపేవారు. కంచే చేను మేస్తుంటే రైతు ఎక్కడికి పోతాడు?

వాళ్లు ముందే తుపాకులు పట్టలేదన్నది తప్పకుండా చెప్పండి. 1766లో మాడక్స్ మిల్లు దగ్గరికొచ్చి లెక్కలు చూపించమని అధికారులను పిలిచారు. ఎవరూ రాలేదు. 1768లో ఫానింగ్ మీద కేసు నడిచింది, నేరం రుజువైంది. జరిమానా? ఒక్కో అభియోగానికి ఒక్క పెన్నీ! పిల్లల ముందు ఒక పెన్నీ పెట్టి ఈ మాట చెప్పండి, వాళ్లకే ఒళ్లు మండుతుంది.

"రైతులు గోరంతను కొండంత చేశారేమో" అని పెద్ద పిల్లలు అడగొచ్చు. అప్పుడు గవర్నర్ ట్రయాన్ సంగతి చెప్పండి. వసూలు చేయాల్సిన ప్రజాధనంలో సగానికి పైగా షెరీఫులే మింగేశారని 1767లో ఆయనే లండన్‌కి రాశాడు. ఆయన న్యూ బెర్న్‌లో కట్టుకున్న భవనం ఖర్చూ ఈ రైతుల నెత్తినే పడింది.

తర్వాత ఒక శనివారం బర్లింగ్టన్ దగ్గరున్న అలమాన్స్ యుద్ధభూమికి తీసుకెళ్లండి. 1771 మే 16న సుమారు 2,000 మంది రైతులను ట్రయాన్ సైన్యం ఓడించింది అక్కడే. ఆ తర్వాత జూన్‌లో ఆరుగురిని హిల్స్‌బరోలో ఉరితీశారు.

ఇదే అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో మొదటి యుద్ధమని ఎవరైనా చెబితే, పిల్లల్ని వెంటనే ఒప్పేసుకోనివ్వకండి. ఆ రోజు ట్రయాన్ పక్షాన నిలిచిన రిచర్డ్ కాస్వెల్, తర్వాత స్వతంత్ర నార్త్ కరోలినాకి మొదటి గవర్నరయ్యాడు. ఫానింగ్ బ్రిటిష్ రాజు పక్షానే ఉండిపోయాడు. రైతుల గొడవ రాజుతో కాదు, తమ కౌంటీ ఆఫీసుతో.