వివాదాస్పద రాజకీయ ఘటనలను నలుగురూ కలిసి రాసేటప్పుడు: ముందుగా తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఎన్నికల లెక్కింపు, అధికార మార్పిడి, ముందే ప్రకటించిన భారీ నిరసన, అందరూ ఎదురుచూస్తున్న తీర్పు వంటివి సాధారణంగా తేదీ చెప్పి మరీ వస్తాయి. వికీపీడియాలాగా ఎవరైనా దిద్దగల పేజీలో ఆ రోజు ఏం జరగబోతుందో కొంతకాలంగా రాస్తున్నవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మొదటి గంటలో పదిమంది పది రకాలుగా రాస్తారు, సాయంత్రానికి ఒకరు రాసింది మరొకరు చెరిపేస్తారు, అర్ధరాత్రికల్లా చర్చ పేజీలో (పేజీలోని మార్పుల గురించి రాసేవారు మాట్లాడుకునే చోటు) అసలు విషయం పక్కకుపోయి ఎవరి ఉద్దేశం ఏమిటన్న వాదన మిగులుతుంది. ఆ వేడిలో కూర్చుని పద్ధతులు ఖరారు చేసుకోవడం సాధ్యం కాదు కాబట్టి, చేయవలసిన ఏర్పాట్లన్నీ ఘటనకు వారం ముందే పూర్తిచేసుకోవడం మంచిది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఏ పక్షానికీ మొగ్గకుండా రాయాలన్న వికీపీడియా నియమం, తటస్థ దృక్కోణం, అంటే చెరిసగం పంచడమని చాలామంది అనుకుంటారు. ఒక పక్షానికి నాలుగు వాక్యాలిస్తే రెండో పక్షానికీ నాలుగు ఇవ్వాలని లెక్కపెడతారు. నమ్మదగిన మూలాలన్నీ ఒకే మాట చెబుతున్నప్పుడు, ఆధారమేదీ చూపని ఖండనను తెచ్చి దాని సరసన సమానంగా కూర్చోబెట్టడం కూడా పక్షపాతమే అవుతుంది. మూలాల్లో ఏ వాదనకు ఎంత చోటు దక్కిందో పేజీలోనూ సుమారుగా అంతే దక్కాలి. నేను పెట్టుకున్న పరీక్ష చిన్నది: ఈ మాట ఎవరిది, ఎప్పటిది, వారికెలా తెలిసింది అని ఏ వాక్యాన్ని అడిగినా జవాబు పేజీలోనే దొరకాలి.

ఇక మూలాల సంగతి. చర్చ పేజీలో ఒక విభాగం తెరిచి, ఏ మూలం దేనికి పనికొస్తుందో ఘటనకు ముందే రాసిపెట్టుకోండి. పార్టీ ప్రకటన ఆ పార్టీ ఏమన్నదో చెప్పడానికి మంచి మూలమే గాని, అది అన్నది నిజమని చెప్పడానికి పనికిరాదు. ప్రభుత్వ ప్రకటనకూ ఇదే వర్తిస్తుంది. సంపాదకీయాలు, అభిప్రాయ వ్యాసాలు వాటి రచయితల పేరుతోనే పేజీలోకి రావాలి. టీవీ తెర కింద పరుగెత్తే స్క్రోలింగును అసలు వాడవద్దు, ఎందుకంటే అది మారిపోయాక ముందు ఏముండేదో చూపడానికి ఏమీ మిగలదు. రాజకీయ మొగ్గు ఉన్నంత మాత్రాన ఒక పత్రిక మూలంగా పనికిరాకుండా పోదు. ఇంగ్లీషు వికీపీడియా సభ్యులు 2017 ఫిబ్రవరిలో బ్రిటిష్ పత్రిక డెయిలీ మెయిల్‌ను సాధారణంగా మూలంగా వాడకూడదని తీర్మానించినప్పుడు ముఖ్యంగా ఎత్తిచూపిన కారణం, వాస్తవాలు సరిచూసుకోవడంలో దానికున్న చెడ్డపేరే. తప్పు దొర్లితే సవరణ ప్రచురించే అలవాటు ఆ సంస్థకు ఉందా అన్నది మనం చూడాలి.

పది పత్రికల్లో ఒకే వార్త కనబడితే పది మూలాలు దొరికాయని సంబరపడకండి. వార్త మొదట్లో పత్రికలన్నిటికీ వార్తలు పంపే వార్తాసంస్థ పేరుందేమో చూడండి; ఉంటే ఆ పదీ కలిసి ఒక్క మూలమే. ఇంతకంటే ప్రమాదకరమైనది, మనం రాసిందే తిరిగి మనకు మూలంగా రావడం. 2009లో కార్ల్ థియోడర్ సు గుట్టెన్‌బర్గ్ జర్మనీ ఆర్థిక మంత్రి అయినప్పుడు, అసలే చాంతాడంత ఉన్న ఆయన పేర్ల వరుసలో ఎవరో జర్మన్ వికీపీడియాలో ‘విల్హెల్మ్’ అనే లేని పేరును దూర్చారు. పత్రికలు దాన్ని ఎత్తి అచ్చువేశాయి, వికీపీడియాలో సందేహం వచ్చినప్పుడు ఆ పత్రికల కథనమే రుజువుగా నిలబడింది. అందుకే మూలం ప్రచురితమైన సమయాన్ని మన పేజీ చరిత్రతో (ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చూపే జాబితా) పోల్చి చూసుకోవాలి. వాడిన ప్రతి లంకెనూ, వెబ్ పేజీల ప్రతులను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అప్పటికప్పుడే భద్రపరచాలి. ఉద్రిక్తత ఉన్న రోజుల్లో వార్తల శీర్షికలు చెప్పాపెట్టకుండా మారిపోతుంటాయి.

అంకెల దగ్గర తప్పటడుగు వేయనివారు అరుదు. ఒక ఘటనలో మృతుల సంఖ్యను పోలీసులు ఒకటి చెప్పారు, ఆసుపత్రి వర్గాలు మరొకటి చెప్పాయి. రెండూ వేర్వేరు చోట్ల లెక్కలనుకుని నేను కలిపి రాశాను. నిజానికి మొదటిది రెండోదాంట్లోనే ఉంది. వేర్వేరు మూలాల అంకెలను ఇలా మనమే కూడి, ఏ మూలంలోనూ లేని మొత్తాన్ని రాయడం కూడా మౌలిక పరిశోధనే (మూలాల్లో లేని నిర్ధారణను మనమే చేయడం) అవుతుందని, దాన్ని వద్దనే నియమం ఎందుకుందో నాకు అప్పుడు గాని తెలిసిరాలేదు. మృతుల సంఖ్య రాసినప్పుడు దాని పక్కనే ఎవరు చెప్పారో, ఏ రోజు ఎన్ని గంటలకు చెప్పారో చేర్చండి. సంఖ్యలు ఒకదానితో ఒకటి పొసగకపోతే వాటి సగటు తీయవద్దు, రెండింటినీ ఉన్నవున్నట్టుగా ఇవ్వండి.

జనసమూహాల లెక్క మరీ చిక్కైనది. 1995 అక్టోబరు 16న వాషింగ్టన్‌లో జరిగిన నల్లజాతి పురుషుల భారీ ప్రదర్శన మిలియన్ మ్యాన్ మార్చ్‌కు నాలుగు లక్షల మంది వచ్చారని అక్కడి జాతీయ ఉద్యానాలను చూసే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీసు చెప్పింది, నిర్వాహకులు అంతకు ఎన్నోరెట్లు ఎక్కువని వాదించారు, బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛాయాచిత్రాల ఆధారంగా 8,37,000 అని, అందులో 20 శాతం అటూఇటూ ఉండవచ్చని తేల్చారు. ఆ గొడవ తర్వాత పార్క్ సర్వీసు జనాన్ని లెక్కపెట్టి చెప్పడమే మానుకుంది. ఇలాంటి చోట మూడు అంకెలనూ, ఎలా లెక్కించారన్న మాటనూ కలిపి ఇస్తే పాఠకుడే బేరీజు వేసుకుంటాడు. ‘లక్షలాదిగా తరలివచ్చారు’ అన్న వాక్యం ఏ మూలంలో ఉన్నా పేజీలోకి రానక్కర్లేదు.

పేజీ పేరు మీద కూడా యుద్ధాలు జరుగుతాయి. 2013 జులై 3న ఈజిప్టులో సైన్యం అధ్యక్షుడు మొహమ్మద్ మోర్సీని తొలగించినప్పుడు, దాన్ని సైనిక కుట్ర అనాలా, ప్రజా విప్లవం అనాలా అన్నదానిపై ఇంగ్లీషు వికీపీడియాలో చాలాకాలం వాదన నడిచింది. మూలాలు ఒక మాట మీద స్థిరపడేవరకు తేదీ, చోటు, జరిగిన పని మాత్రమే తెలిపే పొడి పేరుతో సరిపెట్టుకోవాలి.

తెలుగులో రాసేవారు ప్రత్యేకంగా కాచుకోవాల్సింది క్రియల దగ్గర. ‘చెప్పారు’ అన్నది ఎటూ మొగ్గని మాట. ‘స్పష్టం చేశారు’, ‘బయటపెట్టారు’ అంటే చెప్పింది నిజమని మనమే ముద్ర వేసినట్టు. ‘అంగీకరించారు’ అంటే తప్పు చేసినట్టు. ‘బుకాయించారు’ అంటే తీర్పే ఇచ్చేసినట్టు. చావు గురించి రాసేటప్పుడు ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది: ఒకే ఘర్షణలో ఒకవైపువారు ‘అమరులై’, రెండోవైపువారు ‘హతమై’తే పేజీ ఎవరి పక్షమో వేరే చెప్పనక్కర్లేదు. ‘మరణించారు’ ఇద్దరికీ సరిపోతుంది. ఇంగ్లీషులో రాసేవారికి లేని చిక్కు మనకు మరొకటుంది. ఒక నాయకుడు ‘అన్నారు’, ప్రత్యర్థి ‘అన్నాడు’ అని రాస్తే మూలాలెన్ని ఇచ్చినా తటస్థత ఆ ఒక్క అక్షరంలో కొట్టుకుపోతుంది. తెలుగు వికీపీడియాలో వ్యక్తులందరి గురించీ ఏకవచనంలో రాసే పద్ధతి కొత్తవారికి అమర్యాదగా తోచవచ్చు గాని, ఇలాంటి రోజుల్లో దాని విలువ తెలుస్తుంది.

ఒక వాక్యాన్ని తీసుకుందాం: ‘ఆందోళనకారులు రెచ్చిపోయి రాళ్లు రువ్వడంతో పోలీసులు లాఠీచార్జి చేయక తప్పలేదు.’ ఇందులో మూలం నిజంగా చెప్పినవి రెండే, రాళ్లు పడ్డాయి, లాఠీచార్జి జరిగింది. ‘రెచ్చిపోయి’ అన్నది రచయిత కోపం, ‘తప్పలేదు’ అన్నది పోలీసుల సమర్థన, ‘రువ్వడంతో’లోని ‘తో’ అన్న ఒక్క ప్రత్యయం ఏది ముందో, ఏది కారణమో తేల్చేసింది. మిగతా మూలాలనూ చూశాక దాన్ని ఇలా విప్పవచ్చు: ‘మధ్యాహ్నం పోలీసులు లాఠీచార్జి చేశారు. అంతకుముందే తమపై రాళ్లు రువ్వారని పోలీసులు తెలిపారు. లాఠీచార్జి మొదలయ్యాకే రాళ్లు పడ్డాయని నిరసన నిర్వాహకులు చెప్పారు.’ చదవడానికి చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి.

అరెస్టయినవారిని, అనుమానితులను దోషులుగా రాయకూడదు. వారు ప్రజాజీవితంలో లేనివారైతే పేరు కూడా అక్కర్లేదు. జీవించివున్నవారిపై మూలం లేని ఆరోపణ కనబడితే ‘మూలం చూపాలి’ మూస (పేజీలో అతికించే సిద్ధంగా ఉన్న గుర్తు) పెట్టి ఊరుకోకుండా వెంటనే తొలగించండి.

ఒకరి మార్పును మరొకరు పదేపదే చెరిపే దిద్దుబాటు యుద్ధం విషయంలో, 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను రద్దు చేయరాదన్నది ఇంగ్లీషు వికీపీడియా నియమం. నా మట్టుకు ఒకసారి రద్దు చేశాక చర్చ పేజీకి వెళ్లడమే పద్ధతి. దిద్దుబాటు సారాంశంలో (మార్పును భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణ) వాక్యం గురించే రాయండి, రాసినవారి గురించి వద్దు. పేజీని సంరక్షించాల్సి (అందరూ దిద్దకుండా కట్టడి చేయాల్సి) వస్తే, ఆ అధికారం ఉండి వాదనలో దిగని వికీపీడియా నిర్వాహకుడెవరో ముందే అడిగి ఉంచండి. ఆ పార్టీలోనో, ఆ సంఘంలోనో మీరు సభ్యులైతే ఆ సంగతి చర్చ పేజీలో చెప్పి, మార్పులు సూచించడం వరకే ఆగండి.

రాసేవారి భద్రత కూడా చూసుకోవాలి. వాడుకరి పేరు మీ అసలు పేరును, ఊరును పట్టిచ్చేదిగా ఉండకూడదు. నిరసన ఫొటోలు ఎక్కించేముందు ఫైలులో దాగివుండే స్థల సమాచారాన్ని తొలగించండి, గుర్తుపట్టగల ముఖాలను మసకబార్చండి.

పది రోజులు గడిచాక పేజీని మళ్లీ మొదటినుంచి చదవడానికి ఇద్దరు ముందే ఒప్పుకుని ఉండాలి, వీలైతే ఆ పది రోజులూ ఆ పేజీని ముట్టనివారు. ‘ప్రస్తుతం’, ‘ఇంకా తెలియరాలేదు’, ‘నేటి ఉదయం’ అన్న మాటలు ఎక్కడ మిగిలిపోయాయో వెతికి వాటి స్థానంలో తేదీలు పెట్టడం వారి మొదటి పని. ఆ తర్వాత, మొదటిరోజు హడావిడిలో చేర్చిన ఒక్కో మూలాన్నీ తెరిచి, మనం రాసింది అందులో ఇప్పటికీ ఉందో లేదో సరిచూడాలి.