చవితి పందిళ్ల కాలం వస్తోంది: విశాఖలో అనలాగ్ బేస్ వాయించేవాళ్లకు జాగ్రత్తలు

వినాయక చవితి నుంచి కార్తీకం దాకా విశాఖలో కీబోర్డ్ వాయించేవాళ్లకు చేతినిండా పని. వానలు, ఉక్కపోత, ఉప్పుగాలి, జనరేటర్ కరెంటు, చివర్లో తుపాన్లు కూడా ఆ నెలల్లోనే. అనలాగ్ సింథ్‌కి (సర్క్యూట్లతోనే స్వరం పుట్టించే కీబోర్డ్‌కి) వీటిలో ఒక్కటీ పడదు, ముందు దెబ్బ తినేది బేస్ (bass), అంటే అడుగు స్వరాలు. ఇంట్లో గుండెల మీద గుద్దినట్టు మోగిన శబ్దం పందిట్లో పీలగా వినిపిస్తే వాల్యూమ్ పెంచబోతారు. అక్కడినుంచే అసలు నష్టం మొదలవుతుంది.

మొదట గది సంగతి. మన ఇళ్లలో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గది మామూలే. 10 అడుగుల ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచి రెట్టిస్తుంది. 55 హెర్ట్జ్ ఉండే ఏ1 (A1) స్వరం ఆ గదిలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ బలం గోడలది, మీ ప్యాచ్‌ది (సింథ్‌లో మీరు పెట్టుకున్న శబ్దం అమరికది) కాదు. బీచ్ రోడ్డు పక్కన ఖాళీ స్థలంలో గోడలే ఉండవు కాబట్టి ఆ బరువు అక్కడికి రాదు. అందుకే ప్యాచ్ తయారు చేసేటప్పుడు గది మధ్యలో ఒకసారి, తలుపు బయట నిలబడి ఒకసారి, హెడ్‌ఫోన్లలో ఒకసారి వినండి. మూడు చోట్లా నిలబడిన శబ్దమే పందిట్లో నిలబడుతుంది.

ఇక ప్యాచ్. లావు కోసం మూడు ఆసిలేటర్లూ (స్వరం పుట్టించే సర్క్యూట్లు) 32 అడుగుల మీద, అంటే బాగా కింది స్థాయిలో, పెట్టి, ఒకదానికొకటి కాస్త తేడాగా శ్రుతి చేయడం చాలామందికి అలవాటు. పై స్వరాల్లో అది అందంగానే ఉంటుంది. కింద మాత్రం లెక్క మారిపోతుంది: 440 హెర్ట్జ్ దగ్గర 5 సెంట్ల (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు) తేడా ఉంటే శబ్దం సెకనుకు ఒకసారికి పైగా పెరిగి తరుగుతుంది, 55 హెర్ట్జ్ దగ్గర అదే 5 సెంట్లకు ఒక చుట్టు తిరగడానికి 6 సెకన్లు పడుతుంది. ఆ 6 సెకన్లలో కొంతసేపు రెండు ఆసిలేటర్లూ ఎదురెదురై ఒకదాన్నొకటి తినేస్తాయి. సరిగ్గా అప్పుడే పల్లవి పడితే అందులో బేస్ ఉండదు. కాబట్టి అడుగున ఒక్క ఆసిలేటర్‌నే ఉంచండి. 16 అడుగుల (32కి ఒక స్థాయి పైన) సా-టూత్, అంటే రంపపు పళ్ల ఆకారపు తరంగం, దానికి తోడుగా అదే ఆసిలేటర్‌ను విభజించి వచ్చే సబ్ (దాని కింది స్వరం). ఈ రెండూ ఎప్పుడూ కలిసే నడుస్తాయి. లావు కావాలంటే రెండో ఆసిలేటర్‌ను ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన పెట్టి, దాన్ని మాత్రమే 5, 6 సెంట్లు జరపండి. కదలిక పైనుంటుంది, పునాది కదలదు.

ఫిల్టర్‌లో రెజొనెన్స్ (కోత పడేచోట శబ్దాన్ని ఉబ్బించే నాబ్) దగ్గర అందరూ పొరపాటు పడతారు. మూగ్ (Moog) కంపెనీ తరహా ల్యాడర్ ఫిల్టర్‌లో రెజొనెన్స్ పెంచేకొద్దీ కింది భాగం తగ్గిపోతుంది. స్వయంగా కూత పెట్టే దాకా తిప్పితే దాదాపు 14 డెసిబెల్ పోతుంది, ఇది ఆ సర్క్యూట్ స్వభావం. నాబ్‌ను పావు వంతు దాటనీయకండి. కటాఫ్ (ఫిల్టర్ పై శబ్దాలను కోసే చోటు) 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య, ఎన్వలప్ (స్వరం నొక్కగానే విలువను ఎత్తి దించే భాగం) దాన్ని ఒక్క క్షణం 1 లేదా 2 కిలోహెర్ట్జ్ దాకా ఎత్తి దింపేలా ఉంచండి. దెబ్బలా వినిపించేది ఆ దిగడమే. నిమజ్జనం పాటలు నిమిషానికి 130 దెబ్బల వేగంలో ఉంటే పదహారో భాగం (దెబ్బలో పావు వంతు) 115 మిల్లీసెకన్లే, కనుక ఫిల్టర్ డికే (దిగే సమయం) 120 చుట్టూ, సస్టైన్ (దిగాక నిలిచే మట్టం) 20 శాతం చాలు. ఇంట్లో నెమ్మదిగా వాయిస్తూ పెట్టుకున్న 400 మిల్లీసెకన్ల డికే అక్కడ ఒక స్వరాన్ని ఇంకో స్వరం మీదకి ఎక్కించి బురద చేస్తుంది. వాల్యూమ్ ఎన్వలప్‌లో అటాక్ (శబ్దం పైకి లేచే సమయం) సున్నా. టక్ మని చప్పుడు మరీ ఎక్కువైతే 2, 3 మిల్లీసెకన్లు. రిలీజ్ (వేలు తీశాక ఆగే సమయం) 60 చుట్టూ.

ఆసిలేటర్ల మిక్సర్‌ను కొంచెం ఎక్కువగా తిప్పి ఫిల్టర్‌ను నింపితే తేలికపాటి వక్రత (డిస్టార్షన్) వస్తుంది. ఈ కాలంలో అది విలాసం కాదు, అవసరం. 41 హెర్ట్జ్ వినిపించలేని చిన్న స్పీకర్ బాక్సు కూడా దాని రెట్టింపు, మూడింతల హార్మోనిక్‌లు (పై స్వరాలు) వినిపిస్తుంది, వాటినిబట్టి చెవి అడుగు స్వరాన్ని తనే పూరించుకుంటుంది. కంప్రెసర్ (పెద్ద శబ్దాలను నొక్కి సమం చేసే పరికరం) వాడితే దాని అటాక్‌ను 20, 30 మిల్లీసెకన్ల కంటే తగ్గించకండి. తగ్గిస్తే మొదటి దెబ్బనే నొక్కేస్తుంది.

శ్రుతి జారడం గురించి. ఏసీ గదిలో 24 డిగ్రీలు, పందిట్లో దీపాల కింద 32 అనుకోండి. ఆసిలేటర్‌లో స్వరాన్ని నిర్ణయించే ట్రాన్సిస్టర్ల స్కేలు, సర్దుబాటు లేకపోతే, డిగ్రీకి 0.33 శాతం మారుతుంది. 8 డిగ్రీలకు, 3 ఆక్టేవుల దూరంలో, దాదాపు ఒక సెమిటోన్. తయారీదారులు దీన్ని సరిచేసే రెసిస్టర్ పెడతారు, కానీ అది కూడా ట్రాన్సిస్టర్‌తో సమానంగా వేడెక్కాలిగా. స్టేజీ మీద సింథ్ ఆన్ చేసి కనీసం 30 నిమిషాలు వదిలేయండి, ఆ తర్వాతే శ్రుతి చేయండి. ఫ్యాన్ గాలి నేరుగా దాని మీదకి కొట్టనీయకండి.

ఏసీ కారులోంచి దించిన సింథ్‌ను వెంటనే తెరవకండి. చల్లటి బోర్డు మీద మన తేమగాలి నీటి చుక్కలుగా కూర్చుంటుంది. బ్యాగు జిప్పు తీయకుండా గంటసేపు నీడలో ఉంచి, అప్పుడు తీసి ఆన్ చేయండి. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. నాబ్ తిప్పితే కరకరమంటోందంటే లోపల తుప్పు, దుమ్ము పట్టాయన్నమాట. దానికి ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ వాడాలి, తలుపు కీళ్లకు కొట్టే నూనె స్ప్రే వద్దు. కేబుల్ జాక్ పిన్నులను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో వారానికోసారి తుడవండి, ఉప్పుగాలికి అవే ముందు నల్లబడతాయి. మెమరీ లేని సింథ్ అయితే నాబుల ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు ప్రాణం మీదకి వచ్చే విషయం. హమ్ (కరెంటు గుంయ్ మనే శబ్దం) వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయడం, విరగ్గొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, ఎవరినీ చేయనీయకండి. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో మైకు: లీకేజీ ఉంటే ఎర్త్ లేని సామాను నుంచి కరెంటు మనిషి గుండానే పోతుంది. స్టేజీ లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి, టెస్ట్ బటన్ నొక్కించి చూడండి. మల్టీమీటర్‌తో 220 నుంచి 240 వోల్టుల మధ్య ఉందని చూసుకున్నాకే సింథ్ పెట్టండి. హమ్‌ను ఆపడానికి గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్ తీగను విడదీసే స్విచ్) ఉన్న డీఐ బాక్సు, అంటే సింథ్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె, ఉంది, ఆ స్విచ్ ఆడియో తీగలో ఉంటుంది, కరెంటు తీగలో కాదు. హమ్‌ను అలాగే వదిలేస్తే బేస్‌కి ఇంకో తంటా: అది 50 హెర్ట్జ్, జీ1 స్వరం 49 హెర్ట్జ్. జీ వాయించిన ప్రతిసారీ రెండూ కొట్టుకుని శబ్దం ఊగుతుంది.

సౌండ్ ఆపరేటర్‌తో రెండు మాటలు ముందే మాట్లాడుకోండి. 35 హెర్ట్జ్ కింద కోత పెట్టమనండి, అక్కడ పోర్టు (గాలి రంధ్రం) ఉన్న స్పీకర్ బాక్సుల్లో కోన్ అదుపు తప్పి ఊగుతుంది, వినిపించేదేమీ ఉండదు. మీరూ ఈ1 (E1) స్వరం, అంటే 41 హెర్ట్జ్, కంటే కిందికి దిగకండి. ముందుగా సింథ్, తర్వాత మిక్సర్, చివర్లో ఆంప్ ఆన్ చేయాలి; ఆపేటప్పుడు ఆంప్ ముందు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ పరిమితి. శబ్దం కొలిచే మీటర్‌లో తక్కువే చూపిస్తోందని నిశ్చింతగా ఉండకండి, అది వాడే ఏ-వెయిటింగ్ (చెవి వినికిడికి తగ్గట్టు సర్దే) పద్ధతి 63 హెర్ట్జ్‌ను 26 డెసిబెల్ తగ్గించి లెక్కిస్తుంది. పక్క వీధిలో మంచం పట్టిన ముసలాయన గోడ అదిరేది ఆ మీటర్‌కు తెలియదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి ఆసుపత్రుల చుట్టుపక్కలైతే సబ్ బాక్సులు (అడుగు శబ్దానికి వాడే పెద్ద స్పీకర్లు) పెట్టకపోవడమే మేలు.

దసరా దాటాక వాతావరణ హెచ్చరికలు చూస్తూ ఉండండి. హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది 2014 అక్టోబర్ 12న. హెచ్చరిక రాగానే సింథ్‌ను కిటికీకి దూరంగా, నేలకు రెండడుగుల ఎత్తులో పెట్టి, స్విచ్ ఆపడంతో ఊరుకోకుండా ప్లగ్గే పీకేయండి. కరెంటు వచ్చిన వెంటనే పెట్టకండి. ఫ్యానూ లైట్లూ ఒక గంట నిలకడగా నడిచాక, మల్టీమీటర్‌తో చూసి అప్పుడు పెట్టండి.