జీఆర్ఈ మళ్లీ రాయాలా, స్కోరు మళ్లీ పంపాలా: సమస్యలు - పరిష్కారాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల నుంచి అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేసుకునే విద్యార్థులు జీఆర్ఈ (అక్కడి పీజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) గురించి నవంబరు, డిసెంబరు నెలల్లో నన్ను అడిగే సందేహాలు పైకి మార్కుల సమస్యల్లాగే కనిపిస్తాయి. విప్పి చూస్తే వాటిలో చాలా వరకు పేరు దగ్గరో, కోడ్ దగ్గరో, తేదీల లెక్క దగ్గరో చిక్కుకున్నవే. అందువల్ల రెండోసారి పరీక్షకు డబ్బు కట్టే ముందు, దరఖాస్తు ఆగింది స్కోరు చాలకనా, స్కోరు చేరకనా అన్నది తేల్చుకోవాలి.

సమస్య: ఈటీఎస్ (జీఆర్ఈ నిర్వహించే సంస్థ) ఖాతాలో స్కోరు పంపినట్లు ఉంది, యూనివర్సిటీ పోర్టల్‌లో మాత్రం అందలేదని ఉంది.

కారణం ఎక్కువగా ఇంటిపేరే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందు ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది. విద్యార్థి ఈటీఎస్‌లో ఒక విధంగా, దరఖాస్తులో మరొక విధంగా రాస్తే, పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను బట్టి స్కోరును దరఖాస్తుతో జతపరిచే యూనివర్సిటీ కంప్యూటరుకు ఆ రెండూ ఇద్దరు మనుషుల పేర్లుగా కనిపిస్తాయి. స్కోరు చేరినా ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది.

ఇలాంటప్పుడు మళ్లీ డబ్బు కట్టి స్కోరు పంపడం వృథా. రెండు చోట్లా పేరు ఎలా ఉందో, పుట్టిన తేదీ, దరఖాస్తు సంఖ్య, ఈటీఎస్ రిజిస్ట్రేషన్ సంఖ్య రాసి, స్కోరు రిపోర్టు పీడీఎఫ్ జతచేసి అడ్మిషన్ల కార్యాలయానికి ఒక మెయిల్ పెట్టాలి. జతపరచడానికి ఒకటి రెండు వారాలు పట్టడం మామూలే కనుక, పంపిన మూడో రోజునే కంగారు పడనక్కరలేదు. ఇంకా పరీక్ష రాయనివారు మాత్రం పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్లే అక్షరం తేడా లేకుండా ఈటీఎస్ ఖాతాలో నింపాలి. పేరు తేడా ఉంటే పరీక్షకే అనుమతించకపోవచ్చు.

పేరు సరిగానే ఉంటే కోడ్ చూడాలి. స్కోరు అందుకునే ప్రతి సంస్థకూ నాలుగంకెల కోడ్ ఉంటుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి 4007 అన్నట్లు. ఒకే యూనివర్సిటీలో బిజినెస్ స్కూలుకు వేరే కోడ్ ఉండవచ్చు, ఒకే పేరుతో వేర్వేరు ఊళ్లలో క్యాంపస్‌లూ ఉంటాయి. తప్పు చోటికి వెళ్లిన స్కోరును వెనక్కి తీసుకోలేము. సరైన కోడ్‌కు రుసుము కట్టి మళ్లీ పంపడమే మార్గం.

సమస్య: రుసుము కడుతుంటే కార్డు తిరస్కరిస్తోంది.

ఖాతాలో డబ్బున్నా ఇలా జరుగుతుంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులలో విదేశీ చెల్లింపులు మొదటి నుంచీ ఆపి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలను తెరిచి, పరిమితి పెంచి, పని అయ్యాక మూసివేయాలి. నాన్నగారి కార్డు వాడేవారు ఆయన ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని చేసుకుంటే మంచిది, ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది.

పరీక్ష రోజున నాలుగు సంస్థలకు స్కోరు ఉచితంగా పంపే అవకాశం ఉంటుంది. దానిని ఆ రోజే వాడుకోవాలి, తర్వాత పంపే ప్రతిదానికీ రుసుము ఉంటుంది. నాలుగు పేర్లు ముందే నిర్ణయించుకుని వెళ్లండి.

సమస్య: రెండోసారి రాసినా క్వాంట్ (గణిత విభాగం) మార్కులు పెరగలేదు.

2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ 1 గంట 58 నిమిషాల పరీక్ష. క్వాంట్‌లో మొదటి భాగం 21 నిమిషాలలో 12 ప్రశ్నలు, రెండో భాగం 26 నిమిషాలలో 15 ప్రశ్నలు. మొదటి భాగంలో ఎలా రాశామన్నదాన్ని బట్టి రెండో భాగం కఠినత మారుతుంది కాబట్టి, మొదటి పన్నెండులో తొందరపడి తప్పులు చేసినవారు ఆ తర్వాత ఎంత బాగా రాసినా పైకి రావడం కష్టం. బీటెక్‌లో గణితం బాగా వచ్చినవారే ఇక్కడ ఎక్కువగా దెబ్బతినడం నేను చూశాను. లెక్క వచ్చుననే ధీమాతో వారు ప్రశ్నను చివరిదాకా చదవరు. మళ్లీ రాసే ముందు సమయం పెట్టుకుని మొదటి భాగాన్ని మాత్రమే పదేపదే సాధన చేయాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలరాదు.

పాత తక్కువ స్కోరు కనిపిస్తుందన్న భయం అక్కరలేదు. పరీక్ష రోజు తర్వాత పంపేటప్పుడు స్కోర్‌సెలెక్ట్ ద్వారా గత ఐదేళ్లలో ఏ తేదీ స్కోరు కావాలంటే అది పంపవచ్చు. అయితే ఒక తేదీలోని వెర్బల్ (ఇంగ్లిష్ విభాగం) స్కోరును, మరో తేదీలోని క్వాంట్‌ను విడదీసి పంపడం కుదరదు.

సమస్య: కావలసిన తేదీ దొరకడం లేదు.

ఒక పరీక్షకూ మరొక పరీక్షకూ 21 రోజుల ఎడం ఉండాలి, ఏ 12 నెలల కాలంలోనైనా ఐదుసార్లకు మించి రాయరాదు, రద్దు చేసుకున్న స్కోరు కూడా లెక్కలోకే వస్తుంది. సెప్టెంబరు 20న రాసినవారికి రెండో అవకాశం అక్టోబరు 11కు గాని రాదు. అధికారిక స్కోరుకు ఎనిమిది నుంచి పది రోజులు, జతపరచడానికి మరో రెండు వారాలు కలిపితే నవంబరు మొదటి వారం అవుతుంది. ఆ అక్టోబరే మనకు తుపాన్ల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. కనుక ఇంటి నుంచి పరీక్ష రాయాలనుకునేవారు మొదటి ప్రయత్నాన్ని ఆగస్టులోనే పెట్టుకోవడం క్షేమం.

గడువు మీదికి వచ్చేసినవారు దరఖాస్తును ఆపుకోవద్దు. చాలా యూనివర్సిటీలు ముందు స్కోరును మనమే నింపి పంపితే తీసుకుని, అధికారిక రిపోర్టును తర్వాత అడుగుతాయి. ఆ మాట డిపార్ట్‌మెంటు పేజీలో ఉందో లేదో చూసుకోవాలి. డిసెంబరు 15 రాత్రి 11:59 అని అమెరికా తూర్పు కాలమానంలో ఇస్తే, మనకది డిసెంబరు 16 ఉదయం 10:29 అవుతుంది.